తాబేలుకు తలుపు చాలు, లెమూర్‌కు చాలదు

అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల గురించి మన పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో వచ్చే రాతలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఒక బొమ్మ, ఒక సంఖ్య, మనిషి స్వార్థం మీద ఒక వాక్యం, చివర కాపాడుకుందాం రండని ఒక పిలుపు. ఆ మూసలో పెడితే బంగాళాఖాతంలో ఈదే ఆలివ్ రిడ్లే తాబేలుకూ, మడగాస్కర్ అడవుల్లో చెట్ల మీద బతికే లెమూర్‌కూ తేడా కనబడదు. రెండూ నోరులేని జీవాలు, రెండింటికీ మనిషే శత్రువు. కానీ ఏ మనిషి? అతను ఏం మానుకుంటే ఆ జంతువు బతుకుతుంది? మానుకుంటే అతనికి పోయేది ఎంత? ఈ ప్రశ్నలు వేసుకున్నాక రెండు కష్టాలూ ఒకటిగా కనిపించవు. ఒకదానికి పరిష్కారం మన చేతిలోనే ఉంది, వాడటం లేదు. రెండోదానికి కావలసిన పరిష్కారం ఏ అటవీ శాఖ చేతిలోనూ లేదు. ఈ తేడా చూడకుండా రెండింటికీ ఒకే మందు రాస్తున్నందువల్ల తాబేలు విషయంలో బద్ధకం, లెమూర్ విషయంలో అన్యాయం జరుగుతున్నాయి.

ముందు తాబేలు సంగతి. సముద్ర తాబేళ్లలో ఆలివ్ రిడ్లే చిన్నది, నలభై కిలోల చుట్టుపక్కల తూగుతుంది. చలికాలం ప్రవేశించేసరికి ఇవి జతకట్టడానికి తూర్పు తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి చేరతాయి. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య తీరాల్లో కొద్ది రాత్రుల్లోనే లక్షల సంఖ్యలో తల్లులు ఒడ్డెక్కి గుడ్లు పెట్టిపోతాయి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు మన ఇసుక తీరాల్లో ఆ సందడి ఉండదు, ఒక్కొక్కటిగా వచ్చి పోతాయి. ఒక్కో గుంతలో నూరుకు అటూ ఇటూగా గుడ్లుంటాయి. రెండు నెలల లోపే పిల్లలు బయటికొస్తాయి. వాటిలో వెయ్యికి ఒకటి పెద్దదైతే గొప్పేనని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ ఒక్కటీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అంటే ఈ జీవి లెక్కలో గుడ్డు చౌక, ఎదిగిన తల్లి చాలా ఖరీదు. అంత ఖరీదైన తల్లి తీరా ఒడ్డుకు వచ్చే దారిలో ట్రాలర్ వలలో చిక్కుకుంటుంది. తాబేలు గాలి పీల్చుకునే ప్రాణి. సముద్రం అడుగున వలను గంటల తరబడి లాగుతూ పోతే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. కాకినాడ తీరంలోనూ అవే దృశ్యాలు. విచారణలకు ఆదేశాలు వెలువడ్డాయి. ఆ తర్వాత మార్చి వస్తే హేచరీల్లో పొదిగిన పిల్లలను అధికారులు, నాయకులు బుట్టలతో తెచ్చి అలల్లోకి వదిలే ఫొటోలు పత్రికలకు ఎక్కుతాయి. హేచరీలు అక్కరలేదని ఎవరూ అనరు. కుక్కల నుంచి, నక్కల నుంచి, అలల కోత నుంచి గుడ్లను అవి కాపాడుతున్నాయి. కానీ వెయ్యి పిల్లలకు ఒక తల్లి అన్న లెక్క గుర్తుంటే, ఒక్క సీజన్లో వందల తల్లులు పోయిన నష్టాన్ని ఎన్ని బుట్టలు పూడ్చగలవో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

అయితే ఈ కష్టానికి ఒక గుణం ఉంది. దాని కారణం ఇరుకైనది. చంపే పని కొద్ది చోట్ల, కొద్ది నెలల్లో, లెక్కపెట్టదగినన్ని పడవల వల్ల జరుగుతుంది. ఇలాంటి కారణాన్ని ఆపితే ఏమవుతుందో చరిత్రలో దాఖలాలున్నాయి. 1970ల దాకా ఒడిశా తీరంలో పట్టిన తాబేళ్లను లారీల్లో, రైళ్లలో కలకత్తా బజార్లకు మాంసానికి పంపేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, అంతర్జాతీయ వాణిజ్యం మీద నిషేధం బిగిశాక ఆ వ్యాపారం పడిపోయింది. మెక్సికోలో పసిఫిక్ తీరాన ఇదే జాతి తాబేళ్లను తోలు కోసం లక్షల్లో వధించేవారు. 1990లో ఆ దేశం పూర్తిగా నిషేధించాక ఎస్కోబిల్లా తీరంలో గూళ్లు మళ్లీ లక్షల్లోకి చేరాయి. అన్నిటికంటే పెద్ద వార్త 2025 అక్టోబరులో వచ్చింది. దశాబ్దాలపాటు ప్రమాదంలో ఉన్న జాతిగా నమోదైన పచ్చ తాబేలును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలోని ప్రమాద వర్గాల నుంచి తప్పించింది. 1970లతో పోలిస్తే ప్రపంచంలో వాటి సంఖ్య సుమారు 28 శాతం పెరిగిందని చెప్పింది. ఇంతటి గెలుపు పులికి తప్ప మనకు అలవాటైన వన్యప్రాణి కథల్లో అరుదు. పైగా ఇది ఏ ఒక్క దేశపు సొత్తూ కాని, సరిహద్దులు దాటి తిరిగే జంతువు విషయంలో వచ్చిన గెలుపు. ఎవరి సొత్తూ కానిదాన్ని ఎవరూ పట్టించుకోరన్న మన సాధారణ జ్ఞానానికి ఇది ఎదురు సాక్ష్యం.

మిగిలిన పని వలలో ఉంది. దానికి పనిముట్టు కూడా కొత్తది కాదు. టెడ్ అని మత్స్య శాఖవారు, మరబోట్ల వారు పిలిచే పరికరం ట్రాలర్ వల గొంతు దగ్గర అమర్చే ఇనుప చువ్వల చట్రం. జల్లెడలా పనిచేస్తుంది. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వల చివరికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనో కిందో ఉన్న తలుపులోంచి బయటపడుతుంది. అమెరికా తన చట్టంలో 1989లోనే నిబంధన పెట్టి, ఇలాంటి పరికరం లేకుండా పట్టిన సముద్రపు రొయ్యలను దిగుమతి చేసుకోనంది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తీర్పు ఆసక్తికరమైనది. అమెరికా ఆ నిబంధనను అన్ని దేశాలకూ సమానంగా వర్తింపజేయలేదని తప్పుపట్టింది కానీ, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని మాత్రం న్యాయమైనదేనంది. మనం తీర్పులో మొదటి సగం విని సంతోషించాం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు, మన పడవలకు తగ్గట్టు సొంత టెడ్‌ను రూపొందించింది. తీర రాష్ట్రాల్లో దాన్ని వాడాలన్న నిబంధనలు వచ్చాయి. అయినా వాడకం కాగితం దాటలేదు. 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యలకు అమెరికా తలుపు మూసేసింది. భీమవరం, కాకినాడ చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకు ఆ నిషేధం వర్తించదు కాబట్టి ఆంధ్రలో దీని మీద గగ్గోలు లేవలేదు. దెబ్బ తగిలింది వలల రొయ్యలకు, అంటే టెడ్ వద్దన్న పడవల వాళ్లకే.

మత్స్యకారుల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయడం తగదు. తలుపు పెడితే తాబేలుతోపాటు కొంత చేప, కొంత రొయ్య బయటికి పోతుందని, డీజిల్ ధరలు పెరిగిన రోజుల్లో ఆ కొంతే తమ మిగులు అని వారంటారు. నిజమే, కొంత పోతుంది. కానీ పోయేది పట్టిన సరుకులో చిన్న భాగం, అది బతుకుతెరువు మొత్తం కాదు. దానికి బదులు దక్కేవీ ఉన్నాయి. తాబేళ్లు, పెద్ద చెత్త లేని వల తేలిక, రొయ్య నలగదు, వల చిరగదు, మూసుకుపోయిన విదేశీ మార్కెట్ తెరుచుకుంటుంది. పరికరం ఖర్చును కేంద్ర మత్స్య పథకం నుంచి ప్రభుత్వమే భరించే ఏర్పాటూ ఉంది. నాటు పడవల వారు మరో మాట అంటారు, అది ఇంకా బలమైనది. తీరానికి 8 కిలోమీటర్ల లోపు తమకు కేటాయించిన నీళ్లలోకి ట్రాలర్లు చొరబడుతున్నాయని, తాబేళ్లతోపాటు తమ వలలూ, తమ చేపా పోతున్నాయని. అంటే తాబేలును కాపాడే నియమం పేద మత్స్యకారుడికి వ్యతిరేకమన్న వాదన నిలవదు. ఈ నియమం అమలైతే మొదట లాభపడేది ఆయనే.

ఇప్పుడు హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్ వెళదాం. భూగర్భ చరిత్రలో ఆ దీవి మన ఉపఖండానికి తోబుట్టువు. సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట భారత ఉపఖండం దాని నుంచి విడిపోయి ఉత్తరానికి జరిగింది. లెమూర్ల పూర్వీకులు ఆ తర్వాతెప్పుడో ఆఫ్రికా నుంచి కొట్టుకొచ్చిన చెట్ల మీద అక్కడికి చేరాయని శాస్త్రజ్ఞుల నమ్మకం. పోటీగా కోతులు లేని ఆ దీవిలో అవి నూరుకు పైగా జాతులుగా విస్తరించాయి. మన శేషాచలం, తూర్పు కనుమల్లో రాత్రిపూట తిరిగే దేవాంగపిల్లి వాటికి దూరపు చుట్టం. 2020లో ప్రకృతి పరిరక్షణ సంఘం లెక్క తేల్చినప్పుడు 107 లెమూర్ జాతుల్లో 103 ప్రమాదంలో ఉన్నట్టు, 33 జాతులు అంతరించే చివరి మెట్టు మీద ఉన్నట్టు వెల్లడైంది. క్షీరదాల్లో ఇంత పెద్ద సమూహం మొత్తం ఒకేసారి ఇలా అంచుకు చేరడం మరెక్కడా కనిపించదు. పిల్లల సినిమాల వల్ల అందరికీ తెలిసిన ఉంగరాల తోక లెమూర్ ప్రమాదంలో ఉన్న జాతి. తెల్లవారే వేళ అడవంతా వినిపించేలా కూసే ఇంద్రి అనే లెమూర్ మరీ విషమ స్థితిలో ఉంది. ఇంద్రి రెండు మూడేళ్లకు ఒక పిల్లను కంటుంది. తాబేలు వందల గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోతే, ఇది ఒక్క పిల్లను నెలల తరబడి ఒంటికి హత్తుకుని మోస్తుంది. చంపడం ఈ రోజే ఆగిపోయినా పచ్చ తాబేలులా కోలుకునే వేగం దీని పుట్టుకలోనే లేదు.

అంతకంటే ముఖ్యం, చంపుతున్నది ఎవరన్నది. 1953 నుంచి 2014 మధ్య మడగాస్కర్ తన సహజ అడవుల్లో 44 శాతం పోగొట్టుకుంది. మిగిలిన అడవిలో దాదాపు సగం, అంచు నుంచి 100 మీటర్ల లోపే ఉందని ఉపగ్రహ చిత్రాల అధ్యయనం తేల్చింది. అంటే నడిమి అడవి అన్నది కరువవుతోంది. చెట్టు నుంచి చెట్టుకు గెంతి బతికే జంతువుకు రెండు అడవి ముక్కల మధ్య బోడి నేల సముద్రంతో సమానం. ఈ నరుకుడు ప్రధానంగా పోడు కోసం. తూర్పు వానల అడవిలో చెట్లు కొట్టి, కాల్చి, బూడిదలో కొండ వరి చల్లుతారు. రెండు మూడు పంటలకే నేల సత్తువ తగ్గి ముందుకు జరుగుతారు. నైరుతిలో, ఉంగరాల తోక లెమూర్ ఉండే ముళ్ల అడవిలో, బొగ్గు కాల్చి పట్నం పొయ్యిలకు అమ్ముతారు. సుమారు మూడు కోట్ల జనంలో నలుగురికి ముగ్గురు పేదరికపు గీతకు దిగువన ఉన్న దేశం అది. అక్కడి రైతును పోడు మానమనడమూ, మన ట్రాలర్ యజమానిని తలుపు పెట్టమనడమూ ఒకటి కావు. ట్రాలర్ యజమాని లాభంలో చిన్న ముక్క వదులుకుంటాడు. పోడు రైతు ఆ ఏటి తిండి వదులుకోవాలి.

మంచి మాటలతో, భక్తితో పని అవుతుందనే వారికి ఈ రెండు జంతువులూ ఒకే జవాబు చెబుతాయి. మన వైపు తాబేలు కూర్మావతారం. శ్రీకాకుళం జిల్లాలోనే శ్రీకూర్మం ఉంది. మత్స్యకారుల్లో చాలామంది తాబేలును తెలిసి చంపరు, వలలో పడితే దండం పెట్టి వదిలేస్తారు. అటు మడగాస్కర్‌లో అనేక ప్రాంతాల్లో ఇంద్రిని చంపడం తాతల నాటి నిషేధం, దాన్ని వారు ఫాది అంటారు. ఈ రెండు నమ్మకాలూ మెచ్చుకోదగినవే, కొంతకాలం కాపాడాయి కూడా. కానీ రెండూ చేత్తో చేసే హత్యను ఆపుతాయి తప్ప, అడుగున లాగే వలను, కాలే అడవిని ఆపలేవు. ఇంద్రి మీద చెయ్యి వెయ్యని రైతు ఇంద్రి కూర్చునే చెట్టును కొట్టడానికి ఏ నిషేధమూ అడ్డు రాదు. ఆకలి కాలంలో, కొత్త ఊళ్ల నుంచి వలస వచ్చినవారి మధ్య ఆ మొదటి నిషేధమూ పలచబడుతోంది. అదే నమ్మకం ఇంకోలా కూడా పనిచేస్తుంది. అయ్-అయ్ అనే లెమూర్‌ను అపశకునమని కనపడగానే చంపే ఊళ్లున్నాయి. మన గుడ్లగూబకూ ఆ బాధ తెలుసు.

అభయారణ్యాలు, చట్టాలు మడగాస్కర్‌లో లేవా అంటే ఉన్నాయి. 2003లో ఆ దేశాధ్యక్షుడు రక్షిత ప్రాంతాల విస్తీర్ణం మూడింతలు చేస్తానని ప్రపంచానికి మాట ఇచ్చారు, చాలావరకు ప్రకటనలూ జరిగాయి. 2009లో ప్రభుత్వం కూలిపోగానే విదేశీ సాయం ఆగింది. మరోజెజీ, మసోలా వంటి జాతీయ పార్కుల్లోకే రోజ్‌వుడ్ కోసం ముఠాలు చొరబడ్డాయి. 2025 అక్టోబరులో అక్కడ మళ్లీ సైన్యం అధికారం పట్టింది. కాపలా మీద, బయటి డబ్బు మీద మాత్రమే నిలిచే రక్షణ రాజధానిలో ప్రభుత్వం పడినప్పుడల్లా పడిపోతుందని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తూర్పు అడవుల్లో జరిగిన పరిశోధనలు ఇంకో చేదు సంగతి బయటపెట్టాయి. అడవిలోకి రావద్దన్న ఆంక్షల బరువు అంచున ఉన్న నిరుపేదల మీద పడింది, ఇస్తామన్న పరిహారం మాత్రం ఊళ్లో పలుకుబడి ఉన్నవారికే ఎక్కువగా చేరింది. వాతావరణం కోసం, లెమూర్ల కోసం ప్రపంచమంతా కోరుకునే మేలుకు ప్రపంచంలోకెల్లా పేదవాడు బిల్లు కడుతున్నాడన్న మాట. దీన్ని సంరక్షణ అనడానికి నోరు రావాలి.

జూలలో పెంచి తర్వాత వదులుదామనేవారూ ఉన్నారు. ఉంగరాల తోక లెమూర్ బోనులో సులభంగా పిల్లల్ని కంటుంది, ప్రపంచపు జూలలో అది వేల సంఖ్యలో ఉంది. ఇంద్రి మాత్రం బోనులో బతకదు. దాన్ని పెంచగలిగిన జూ ఒక్కటీ లేదు. ఉంగరాల తోకనైనా వదిలేందుకు అడవి మిగలాలి కదా. పర్యాటకం మరో జవాబు. అందాసిబే, రనోమఫానా పార్కుల చుట్టూ గైడ్లు, హోటళ్ల మీద బతికే కుటుంబాలున్నాయి. ఇది మంచి దారే, కానీ దారి పక్క ఊళ్లకే. లోపలి ఊళ్లకు రోడ్లే లేవు, కరోనా ఏళ్లలో పర్యాటకం ఆగిపోయినప్పుడు ఆ ఆదాయమూ ఆగింది. వాణిజ్య పంట అంటారా, ప్రపంచపు వెనిలాలో అత్యధిక భాగం ఆ దీవిలోనే పండుతుంది. 2018లో కిలో 600 డాలర్లకు చేరి వెండిని మించిపోయింది, తర్వాత కొన్నేళ్లకే కుప్పకూలింది. ధర పెరిగితే వెనిలా కోసం అడవి కొడతారు, పడితే వరి కోసం కొడతారు. కాబట్టి పంట ఒక్కటే చాలదు, ధరకు భరోసా, పాత పొలంలోనే ఎక్కువ వరి పండే నీటి వసతి, వంటకు బొగ్గు కాని ఇంధనం, నేల మీద రాతపూర్వకమైన హక్కు ఉండాలి. ఇదంతా తెలుగువారికి వింత సంగతేమీ కాదు. పాడేరు, అరకు ఏజెన్సీలో నీడచెట్ల కింద కాఫీ తోటలు వేయించింది పోడుకు బదులు ఆదాయం చూపాలనే. కాఫీ నిలిచిన చోట నీడ కోసమైనా చెట్టు నిలిచింది. 2006 అటవీ హక్కుల చట్టం ఎన్ని లోపాలతో అమలైనా, పోడు సమస్య గార్డుల లాఠీతో తీరేది కాదని ఒప్పుకుంది.

ఈ పోలికలో తాబేలు పనిని మరీ సులువు చేసి చూపిస్తున్నానని ఎవరైనా అనవచ్చు. కొంతవరకు ఒప్పుకుంటాను. గుడ్లున్న ఇసుక వేడెక్కే కొద్దీ ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, భూతాపం పెరిగితే జంటలకు మగవి కరువవుతాయి. కాకినాడ పక్కన ఉప్పాడ తీరం కోతకు గురై, అడ్డంగా రాళ్ల కట్టలు లేచాక గుడ్లు పెట్టేందుకు చోటే ఉండదు. వలకు తలుపు పెడితే ఇవి తీరవు. లెక్కలనూ అతిగా నమ్మకూడదు. రుషికుల్యలో 2024లో సామూహికంగా గుడ్లు పెట్టడమే జరగలేదు, 2025లో దాదాపు 7 లక్షల తాబేళ్లు వచ్చాయి. ఆ 7 లక్షలను చూసి పండగ చేసుకునేవారు, అవి పదిహేనేళ్ల కిందటి పిల్లలని, ఆ ఏడు వలల్లో చచ్చిన తల్లుల లోటు ఇంకో పదిహేనేళ్లకు గానీ కనపడదని మరచిపోకూడదు. అయినా నా వాదన మారదు, ఇంకాస్త గట్టిపడుతుంది. భూతాపాన్ని ఆపడం విశాఖ రేవు చేతిలో లేదు. తలుపు పెట్టడం ఉంది. చేతిలో లేని పెద్ద ప్రమాదాన్ని చూపి చేతిలో ఉన్న చిన్న పనిని వాయిదా వేయడం తీర రాష్ట్రాల ప్రభుత్వాలకు అలవాటైపోయింది.

పోడు రైతును వెనకేసుకొస్తే లెమూర్ చస్తుంది గదా అని ఇంకొకరు అడగవచ్చు. వెనకేసుకురావడం కాదు, లెమూర్ బతకాలంటే ఆ రైతు ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకునే ధర ఆయన దగ్గర లేదు. ఆ దీవి వెనిలాను ఐస్‌క్రీముల్లో తిన్న దేశాలు, రోజ్‌వుడ్‌ను ఫర్నిచర్ చేసుకున్న దేశాలు ఆ ధర కట్టాలి, అదీ ఏటా, ప్రభుత్వాలు మారినా ఆగకుండా, నేరుగా ఊరికి చేరేలా. సాయం ఆగిన రోజున నరుకుడు మొదలవుతుందని 2009లో ఒకసారి చూశారు. మళ్లీ అదే చూసే అవకాశం ఇప్పుడుంది.

మన వైపు మాత్రం ఎవరి సాయం కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. తాబేళ్లు అంతకు నెలల ముందే వచ్చి, గుడ్లు పెట్టి, చావవలసినవి చచ్చి వెళ్లిపోతాయి. ఒడిశా తన నదీముఖాల దగ్గర నవంబరు నుంచే వేట ఆపిస్తోంది. ఆంధ్రలో అలాంటి నిషేధం తీరమంతా అక్కర్లేదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుంచి డిసెంబరు తర్వాత టెడ్ లేని ట్రాలర్ కదలకూడదు, తీరానికి 8 కిలోమీటర్ల లోపు కనబడితే లైసెన్సు ఆగాలి. మత్స్య శాఖ, అటవీ శాఖ, తీర భద్రతా పోలీసులు సంక్రాంతికి ముందే ఈ తనిఖీ మొదలుపెట్టాలి.